నైట్ విజన్, థర్మల్ ఇమేజింగ్: రెండు రకాల రాత్రి చూపు

చీకట్లో చూడడానికి సైన్యం వాడే సాధనాలు రెండు. నైట్ విజన్ పరికరం చుక్కల వెలుగునూ, మసక వెన్నెలనూ పోగుచేసి వేల రెట్లు పెంచి, పచ్చటి బొమ్మగా చూపిస్తుంది. థర్మల్ ఇమేజర్‌కు వెలుతురే అక్కర్లేదు. ఒంటి వేడి, ఇంజిన్ వేడి, బండరాయి వేడి, వీటిలోని తేడాలతోనే బొమ్మ కడుతుంది. ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. తలుపులు మూసిన చీకటి గదిలో మొదటిదానికి ఏమీ కనిపించదు. రెండోది కిటికీ అద్దానికి అవతలున్న మనిషిని కూడా చూడలేదు, ఎందుకంటే 8–14 మైక్రోమీటర్ల ఉష్ణకిరణాలు మామూలు గాజులోంచి పోవు. అందుకే దాని కటకాలను జర్మేనియంతో చేస్తారు.

రెండింటి కథా 1800లో విలియం హెర్షెల్ పరారుణ కిరణాలను కనుక్కోవడంతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు తుపాకికి పరారుణ దీపం కట్టుకుని తిరిగారు. ఆ వెలుగును చూడగల పరికరం శత్రువు దగ్గరా ఉంటే, ఆ దీపమే వాళ్ల ఆచూకీ చెప్పేస్తుంది. వియత్నాం యుద్ధం నాటికి దీపం అవసరం లేని స్టార్‌లైట్ స్కోపులు వచ్చాయి.

తెలుగునాట ఈ విద్యకు పుట్టిల్లు మచిలీపట్నం. అక్కడ 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తనలో కలుపుకుంది. ఇప్పుడు ఆ యూనిట్‌లో నైట్ విజన్ పరికరాలూ, థర్మల్ ఇమేజర్లూ తయారవుతున్నాయి.

రాత్రి చూపుతో ఎగిరే హెలికాప్టర్ల తయారీలోనూ తెలుగునేలకు పాలుంది. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలం ఆదిబట్లలో 2018 మార్చి 1న టాటా బోయింగ్ కర్మాగారం ప్రారంభమైంది. అపాచీ హెలికాప్టర్ల ప్రధాన దేహం అక్కడే తయారవుతుంది. ముక్కు దగ్గర అమర్చే థర్మల్ కళ్లు మాత్రం అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్ చేసేవి. పైలట్ రాత్రి వాటి సాయంతోనే దారి చూసుకుంటాడు. తర్వాత వాటికి మసక వెలుతురులో చూసే కెమెరానూ జోడించారు, ఎందుకంటే నేల మీది దీపాలూ, లేజర్ చుక్కలూ థర్మల్ కంటికి ఆనవు.

థర్మల్ చూపుకు అసలు పరీక్ష పెట్టింది చీకటి కాదు, ఎండ. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్న నాగ్ ట్యాంకు విధ్వంసక క్షిపణి తన లక్ష్యాన్ని వేడిబొమ్మగా గుర్తుపడుతుంది. రాజస్థాన్ మండుటెండలో ఇసుక ట్యాంకంత వేడెక్కేసరికి, దూరం నుంచి రెండింటికీ తేడా తెలియక ఇబ్బంది పడింది. మరింత సున్నితమైన సీకర్ (లక్ష్యాన్ని వెతికే కన్ను) అమర్చాకే అది గట్టెక్కింది. దేశం ఈ క్షిపణి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడడానికి ఇదొక ముఖ్య కారణం. దాని చివరి ప్రయోగ పరీక్ష 2020 అక్టోబర్ 22న పోఖ్రాన్‌లో జరిగింది. క్షిపణి తయారీని ఇబ్రహీంపట్నంలోనూ యూనిట్ ఉన్న భారత్ డైనమిక్స్‌కూ, దాన్ని మోసే నామికా వాహనం తయారీని మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకీ అప్పగించారు.