శ్రీనాథుడు వెక్కిరించిన కూడు

పలనాడు అనగానే మనకు కోడిపోరు జ్ఞప్తికి వచ్చును. బాలచంద్రుని కత్తి జ్ఞప్తికి వచ్చును. వంటయిల్లు మాత్రము రాదు. అయినను ఆ సీమను గూర్చి తెలుగువారి నోళ్లలో నేటికిని నిలిచియున్న చాటుపద్యములను కూడదీసి చూడుడు. వానిలో కత్తి ఊసు లేదు, కూటి ఊసు ఉన్నది. ఆ పద్యములు చెప్పినవాడు పలనాటివాడు కాడు. ఎండనబడి వచ్చి, ఆకలిగొని, విస్తరిముందు కూర్చుండి, వడ్డించినదానిని చూచి నొసలు చిట్లించిన బాటసారి. అతని పేరు శ్రీనాథుడు.

క్రొత్తచోటికి పోయినవాడు ఆ నేలను ముందుగా నాలుకతోనే చదువును. కోటలు, గుడులు తరువాతి సంగతి. శ్రీనాథుని నాలుక ఎట్టిదో మనకు తెలియును. కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి 1402 మొదలు 1420 వరకు ఏలెను. అతని ఆస్థానమున శ్రీనాథుడు విద్యాధికారి. ఆ కాలపువారి భోజనపు రుచి ఎట్టిదో తెలియవలెనన్న ‘క్రీడాభిరామము’ చూడవలెను. దాని కర్త వినుకొండ వల్లభరాయడని కొందరు, శ్రీనాథుడే యని కొందరు వాదింతురు. ఆ తగవు నేటి ముచ్చటకు అక్కరలేదు. అందులో ఓరుగల్లు పూటకూటి యింట ఒక్క రూకకు దొరకు భోజనము వర్ణింపబడినది. సన్నబియ్యపు అన్నము, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు! ఇట్టి విస్తరికి అలవాటుపడినవాడు పలనాటి పల్లెకు వచ్చెను.

తరువాత జరిగినది చాటువులు చెప్పుచున్నవి. ఒకదానిలో ఆయన పలనాటి పల్లెటూళ్ల ఆస్తిపాస్తుల పట్టిక వ్రాసినాడు: గులకరాళ్లు, నాపరాళ్లు, చిన్నచిన్న దేవతలు, పాములు, తేళ్లు, నాగులేటి నీరు, సజ్జ, జొన్న. మరియొకదానిలో ఈ సీమకు వచ్చినచో మన్మథునికైనను జొన్నకూడు తప్పదనినాడు. దప్పికకు తాళలేక శివునితోనే పేచీ పెట్టుకొనినాడు. బిచ్చమెత్తుకొను నీకు ఇద్దరు భార్యలెందుకు, పార్వతి చాలును, గంగను ఇటు వదలుమని అడిగినాడు. అన్నిటికంటె ప్రసిద్ధమైనది శ్రీకృష్ణునితో పలికిన మాట. పూతన విషము త్రాగితిని, కార్చిచ్చు మ్రింగితినని గొప్పలు పోవుచున్నావే, చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరతో ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మ్రింగుము, నీ పస తేలునని ఆ పద్యపు తాత్పర్యము.

చాటువులకు శాసనములు సాక్ష్యము చెప్పవు. లోకుల నోరే సాక్షి. కాని ఈ కడపటి పద్యములో ఒక చిన్న ఆధారమున్నది. చింతచిగురు ఏడాది పొడవున దొరకదు. అది వేసవి ముంగిట పుట్టి, ఎండలతోపాటు ముదురును. అనగా కవి వచ్చినది ఇంచుమించు చైత్రవైశాఖములలో. నాపరాళ్లు నిప్పుకణికలై, వాగులు ఎండి ఇసుక తేలు దినములవి. శివునితో గంగకొరకు పోట్లాడినది ఎందుకో ఇప్పుడు తెలియుచున్నది గదా! ఆయన కోపము జొన్నమీద కంటె ఎండమీద హెచ్చని నా తలంపు.

జొన్నకును ఒక న్యాయవాది కావలెను. ఆఫ్రికా ఖండమున పుట్టి, వేల యేండ్ల క్రిందటనే మన దేశము చేరిన ధాన్యమిది. వాన మొగము చాటుచేసినపుడు ఈ పైరు ఆకులు చుట్టుకొని, పెరుగుదల ఆపి, ఊపిరి బిగబట్టి నిలుచును. మరల జల్లు పడగానే లేచును. చెరువు క్రింది వరికి ఈ విద్య రాదు. వంటలో మాత్రము జొన్న మొండిది. తడిపి రోట దంచి, చెరిగి, పొట్టు పోగొట్టి, ఎసటిలో పోసి, తెడ్డుతో త్రిప్పుచు కాచుకొని యుండవలెను. గోధుమపిండివలె సాగదు గనుక రొట్టెను వేడినీటితో కలిపి అరచేత తట్టవలసినదే. ఉడికిన సంకటి చల్లారినకొలది గట్టిపడును. గొంతు దిగుటకు జారుడు కావలెను. ఆ జారుడు బచ్చలి ఇచ్చును. బచ్చలి జిగటను చింతచిగురు పులుపు విరుచును. కవి ఏ జోడింపును వెక్కిరించెనో అది ఎన్ని తరముల ఇల్లాండ్రో సరిచూచి కూర్చిన జోడింపు. ఆయన వెక్కిరించియుండనిచో ఆనాటి పలనాటి పేదయింటి వంట ఏమిటో మనకు చెప్పువారే లేకపోదురు. ప్రభువుల పొగడ్తలలో అట్టి సంగతులు చేరవు.

ఆ విస్తరిలో లేని వస్తువు ఒకటున్నది: మిరపకాయ. నేడు గుంటూరు సీమ అనగానే కారము. కాని శ్రీనాథుడు ఆ కారమెరుగడు, అంతకుముందటి బ్రహ్మనాయుడును ఎరుగడు. వారి కాలమున కారమనగా మిరియమే. మిరప పుట్టిల్లు అమెరికా ఖండము. ఐరోపావారు దానిని మొదట చవిచూచినది కరిబియను దీవులలో. 1493 జనవరిలో కొలంబసు హిస్పానియోలా దీవిలో ఉండి తన దినచర్యలో ఈ కాయను గూర్చి వ్రాసికొనెను. ఆ దీవివారు దానిని ‘అహీ’ అందురనియు, అది లేక ముద్ద ముట్టరనియు, మిరియముకంటె మేలైనదనియు, ఏటా 50 ఓడలకు ఎత్తవచ్చుననియు లెక్క కట్టెను. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో అది మన తీరము చేరినది. దీవి వంటను చూచి ఓడల లెక్క కట్టిన బాటసారి ఒకడు, సీమ వంటను చూచి పద్యము కట్టిన బాటసారి మరియొకడు. 

ఇక ఆ కూడు పలనాటివారికి ఏమైనదో చూడవలెనన్న కారంపూడికి రావలెను. 12వ శతాబ్ది చివర, సుమారు 1182లో, నాగులేటి యొడ్డున గురజాల నలగామరాజు పక్షమును మాచర్ల మలిదేవుల పక్షమును తలపడినవి. ఒకవైపు నాగమ్మ మంత్రాంగము, మరియొకవైపు బ్రహ్మనాయుడు. బ్రహ్మనాయుడు మాలకులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేపట్టి సేనకు ముందు నిలిపెను. తన పక్షపు వీరులనందరిని, కులము అడుగక, ఒక్క చాపపై బంతి కూర్చుండబెట్టెను. అదియే చాపకూడు. ఆ కాలమున ఒకరు వండినది ఒకరు ముట్టరు, ఒకరి నీడ ఒకరిపై పడరాదు. రేపు ప్రక్కప్రక్కన చావవలసినవారు నేడు ప్రక్కప్రక్కన తినుటకు వీలులేని లోకమున ఆ మంత్రి ఒక చాప పరచెను. దీనినే ఎదిరిపక్షమువారు ఆచారభ్రష్టత్వముగా చూచిరనుట వింత కాదు.

ఇది కేవలము ఉదారబుద్ధియా, యుద్ధనీతియా అని చరిత్రకారులు ప్రశ్నింపవచ్చును. రెండును కావచ్చునని నా అభిప్రాయము. సేనకు మనుష్యులు కావలెను. మనుష్యులు నమ్మకముతో నిలువవలెనన్న వారిని మనుష్యులుగా చూడవలెను. ఆ చాపపై వడ్డించినదేమో కావ్యములను నమ్మి చెప్పలేము గాని, ఆ మెట్టనేలలో అంతమందికి సన్నబియ్యము వండియుందురని నమ్ముట కష్టము. పేరే చూడుడు: అది చాపభోజనము కాలేదు, చాపవిందు కాలేదు, చాపకూడు అయినది. తెలుగున కూడు అన్న అన్నము. కూడుట యన్న కలియుట. ఈ రెండు మాటలకు చుట్టరికము కలదో లేదో వ్యుత్పత్తికారులు తేల్చుకొందురుగాక, కారంపూడిలో మాత్రము వానికి వియ్యము కుదిరినది.

ఇక్కడనే కథ మలుపు తిరుగుచున్నది. ఆ వీరుల కథను వీరవిద్యావంతులు గానము చేయుచు వచ్చిరి. దానిని ద్విపదలో ‘పల్నాటి వీరచరిత్ర’గా కూర్చినవాడు శ్రీనాథుడేయని సంప్రదాయము. పండితులలో సందేహించువారును కలరు. సంప్రదాయమే నిజమైనచో, జొన్నకూటిని వెక్కిరించిన నోరే చాపకూడు తిన్నవారి చావును కీర్తించెనన్నమాట. విస్తరిలోని ముద్ద గొంతు దిగలేదు, ప్రక్కవాని నోటి పాట మాత్రము గుండెకు దిగినది.

ఆ కవి చివరి దినములు మనకు తెలిసినవే. కొండవీటి రాజ్యము కూలినది. 700 టంకములకు బొడ్డుపల్లిని గుత్తకు తీసికొని సేద్యమునకు దిగెను. కృష్ణ పొంగి పైరును ముంచినది. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలపాలైనవి. పన్ను కట్టలేక ఎండలో నిలువబడవలసి వచ్చెను. ఆ సమయమున ఎవరైనను ఒక గిన్నెడు జొన్నంబలి తెచ్చియిచ్చిన ఆయన ఏ పద్యము చెప్పియుండునో!

శివుని అడిగిన గంగ ఆలస్యముగానైనను పలనాటికి వచ్చినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. కుడికాలువ నీటితో జొన్న నిలిచిన చేలలో వరి, ప్రత్తి, ఆ దీవుల మిరప నిలిచినవి. పండుగనాటి వరియన్నము నిత్యభోజనమైనది.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యతో మొదలిడి అయిదు దినములు వీరుల ఉత్సవము జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. మందపోరునాడు చాపకూడు. ఒక ఏడు ఆ ఉత్సవమునకు పోయి, బసచేసిన ఇంటి పెద్దమ్మను జొన్నసంకటియు, చింతచిగురు వేసిన బచ్చలికూరయు చేసిపెట్టుమని కోరితిని. ఆమె నన్ను ఎగాదిగా చూచి, “కార్తీకంలో చింతచిగురు ఎక్కడిది నాయనా? చింతపండు వేసి చేస్తాలే. జొన్నలంటావా, కొట్టుకు పోయి కొనుక్కురావాల” అనినది. కొని తెచ్చితిని. సంకటి వేడిగా నున్నంతసేపు కృష్ణుని సహాయము అవసరము కాలేదు.