కేంద్ర బ్యాంకు పరిశోధనలో భిన్నాభిప్రాయానికి చోటు: హోమర్ జోన్స్ వృత్తిజీవితం

కేంద్ర బ్యాంకుల చరిత్ర సాధారణంగా వాటి అధిపతుల నిర్ణయాల చరిత్రగానే నమోదవుతూ వచ్చింది. ఆ నిర్ణయాలను పరీక్షకు నిలిపిన పరిశోధన విభాగాల పాత్ర అందులో అంతగా కనిపించదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో 1958 నుండి 1971 వరకు పరిశోధనకు సారథ్యం వహించిన హోమర్ జోన్స్ (1906–1986) వృత్తిజీవితం ఆ పాత్రను అంచనా వేయడానికి తగిన ఉదాహరణ.

జోన్స్ తొలుత అధ్యాపకులు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆయన వద్ద చదువుకున్న మిల్టన్ ఫ్రీడ్‌మన్, 1932లో పట్టభద్రులై, ఆయన ప్రోత్సాహంతో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. నోబెల్ పురస్కారం పొందిన 1976లోనే ఫ్రీడ్‌మన్ తన గురువును స్మరిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు.

1913 నాటి చట్టం ద్వారా ఏర్పడిన ఫెడరల్ రిజర్వ్ వ్యవస్థలో వాషింగ్టన్‌లోని పాలకమండలితో పాటు 12 ప్రాంతీయ బ్యాంకులు ఉన్నాయి. ఈ నిర్మాణమే భిన్నాభిప్రాయానికి అవకాశమిచ్చింది. 1960లలో ద్రవ్య విధానాన్ని ప్రధానంగా వడ్డీరేట్లు, ద్రవ్య విపణి పరిస్థితుల ఆధారంగా అంచనా వేసేవారు. అయితే, ధరలు పెరుగుతాయన్న అంచనా బలపడినప్పుడు కూడా వడ్డీరేట్లు పెరుగుతాయి. కాబట్టి అధిక వడ్డీరేటును కఠిన విధానానికి సూచికగా భావించలేమని సెయింట్ లూయిస్ పరిశోధకులు వాదించారు. ద్రవ్య సరఫరా వృద్ధిని గమనించాలన్నది వారి ప్రతిపాదన. జోన్స్ కేవలం వాదనతో ఆగక, ద్రవ్య గణాంకాలను క్రమం తప్పకుండా ప్రచురింపజేసి పాఠకుల ముందుంచారు.

ఈ కృషిలో ప్రసిద్ధమైనది 1968 నవంబరులో బ్యాంకు పత్రిక ‘రివ్యూ’లో వెలువడిన లియొనాల్ ఆండర్సన్, జెర్రీ జోర్డాన్‌ల వ్యాసం. ఆర్థిక కార్యకలాపాలపై కోశ చర్యల కంటే ద్రవ్య చర్యల ప్రభావం అధికమనీ, వేగవంతమనీ వారు నిర్ధారించారు. కేంద్ర బ్యాంకు చర్యలే ఆర్థిక పరిస్థితులకు ప్రతిస్పందనలైనప్పుడు, వాటిని స్వతంత్ర కారణాలుగా పరిగణించడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. డి లీవ్, కాల్చ్‌బ్రెనర్‌ల విమర్శ 1969లో అదే పత్రికలో అచ్చయింది. తమ నిర్ధారణపై వచ్చిన విమర్శకు తమ పత్రికలోనే చోటివ్వడం ఇక్కడ గమనించదగినది.

1980లలో ద్రవ్య సరఫరాకూ జాతీయాదాయానికీ మధ్య ఉన్న సంబంధం అస్థిరం కావడంతో ఆ నిర్ధారణకు గల ప్రాబల్యం తగ్గింది. గణాంకాలను బహిరంగంగా అందించే సంప్రదాయం మాత్రం నిలిచింది. అదే బ్యాంకు 1991లో ప్రారంభించిన ‘ఫ్రెడ్’ గణాంక నిధి దానికి కొనసాగింపు.

1968 నాటి వ్యాసంపై జోన్స్ పేరు లేదు. రచనల పట్టిక ఆధారంగానే పరిశోధకుని స్థానాన్ని నిర్ణయిస్తే ఆయన కృషిలో అధికభాగం లెక్కలోకి రాదు. సహచరులు సంస్థ అభిప్రాయానికి భిన్నంగా రాయగల వాతావరణాన్నీ, ఆ రాతలను ఇతరులు పరీక్షించడానికి వీలైన ఆధారాలనూ కల్పించడం ఆయన సాధించిన పని. పరిశోధన సారథ్యాన్ని అంచనా వేసే చరిత్రకారులు ఈ రెండింటినీ పరిగణనలోకి తీసుకోవలసి ఉంటుంది.