లష్కర్‌కు ఎన్ని పొలిమేరలు!

ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి ఘటం గుడి దాటి వచ్చిందంటే బోనాల ఆదివారం దాకా సికింద్రాబాద్ గల్లీల్లో తిరుగుతుంది. డప్పు వినబడగానే ఆడవాళ్లు బిందెలతో వాకిట్లోకి వచ్చి సాక పోస్తారు. 1815లో ఆ అమ్మవారిని ఇక్కడ నిలిపిన సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసినవాడు. ఆ జాతరను నేటికీ లష్కర్ బోనాలు అనే పిలుస్తాం. లష్కర్ అంటే దండు. బొడ్రాయి పాతుకుని ఎదిగిన ఊరు కాదిది, గుడారాల పక్కన మొలిచిన ఊరు. అందువల్ల దీని పొలిమేర ఎప్పుడూ పైవాళ్లే గీశారు.

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ పటాలం దిగింది. 1806లో ఆ చోటుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. దండుకు సరుకులు కావాలి గనుక వర్తకులు వచ్చారు, తమిళ ముదలియార్లు వచ్చారు, పార్సీలు వచ్చారు. దాదాపు నూటయాభై ఏళ్లపాటు బజారూ బారకూ కంటోన్మెంటు కిందే ఉన్నాయి.

1945లో సికింద్రాబాద్ మునిసిపాలిటీ ఏర్పడడంతో ఊరు రెండయింది. మోండా మార్కెట్, జనరల్ బజార్, జేమ్స్ స్ట్రీట్ మునిసిపాలిటీలోకి వచ్చాయి. తిరుమలగిరి, కార్ఖానా, బోయిన్‌పల్లి కంటోన్మెంటులోనే ఉండిపోయాయి. 1950లో సికింద్రాబాద్ కార్పొరేషన్ అయింది. పదేళ్లు తిరిగేసరికి, 1960లో, దాన్ని హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపేశారు. సొంత కార్పొరేషన్ ఉన్న ఆ పదేళ్లను తలుచుకునే పాత లష్కర్‌వాసుల బాధ నాకు న్యాయంగానే తోస్తుంది.

ఆ కంటోన్మెంటు గీత ఇంకా చెరగలేదు. పాత బోయిన్‌పల్లి నగరపాలక సంస్థ కింద ఉంటే, పక్కనున్న బోయిన్‌పల్లి కంటోన్మెంటులో ఉంది. అటువైపు వాళ్లు ఇంటి పన్ను కట్టేది ఒకచోట, ఇటువైపు వాళ్లు కట్టేది మరోచోట. ఇల్లు కట్టుకోవాలంటే అనుమతి ఇచ్చేవారు వేరు, చెత్త ఎత్తేవారు వేరు. వాననీళ్లకు మాత్రం ఈ తేడా తెలియదు, నాలా పొంగితే రెండు వైపులా ఇళ్లు మునుగుతాయి. కంటోన్మెంటు బోర్డుకు 2015 జనవరి తర్వాత ఎన్నికలే జరగలేదు. 2023లో ప్రకటించి, రద్దు చేశారు. వార్డు సభ్యుణ్ని నిలదీద్దామన్నా ఎన్నికైన సభ్యుడు లేడు.

2007లో హైదరాబాద్ కార్పొరేషన్‌తో పన్నెండు మునిసిపాలిటీలనూ ఎనిమిది పంచాయతీలనూ కలిపి గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ)ని ఏర్పాటు చేశారు, తర్వాత 150 వార్డులు చేశారు. అప్పుడు చిట్టచివరి 150వ వార్డు మోండా మార్కెట్. మరో సంగతి వింటే బయటివాళ్లు నమ్మరు. 2008 నియోజకవర్గాల పునర్విభజన తర్వాత సికింద్రాబాద్ కంటోన్మెంటు ఓటర్లు సికింద్రాబాద్ ఎంపీని ఎన్నుకోరు, వాళ్ల ఓటు మల్కాజిగిరికి. జూబ్లీహిల్స్, నాంపల్లి ఓటర్లు మాత్రం సికింద్రాబాద్ ఎంపీని ఎన్నుకుంటారు.

అయితే జనం తమంతట తాము గీసుకున్న హద్దు ఒకటుంది. జీహెచ్ఎంసీ రాకముందు సైనిక్‌పురి కాప్రా మునిసిపాలిటీ, నేరేడ్‌మెట్ మల్కాజిగిరి మునిసిపాలిటీ. ఈ వైపు కాలనీ సంఘాలు వార్డు గీతలు చూసుకోకుండా సికింద్రాబాద్ ఈశాన్య కాలనీల సమాఖ్యగా ఏర్పడ్డాయి. వాళ్లను కలిపింది దారి. ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) ప్రాంతంలో సైన్యం రోడ్లు మూస్తుంటే ఉద్యోగులు, బడిపిల్లలు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు అందరూ చుట్టు తిరగాల్సి వచ్చేది. 2018 మేలో కంటోన్మెంట్ల రోడ్లు తెరవాలని రక్షణ శాఖ ఆదేశించింది. ఆ తర్వాత కూడా మూసివేతల గొడవ తీరలేదు, సంఘాలూ ఊరుకోలేదు. ఏ కాలనీకి ఏ కాలనీ పొత్తో అక్కడ నివసించేవాళ్లకు తెలిసినంతగా పటం గీసే అధికారికి తెలియదని నేను నమ్మడానికి ఇదే కారణం.

2025 చివర్లో 27 పట్టణ సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపి, 150 వార్డులను 300 చేశారు. అన్ని వందల కాలనీల హద్దులు మారుతుంటే అభ్యంతరం చెప్పుకోవడానికి మొదట ఇచ్చిన గడువు వారం రోజులు! ఏ వీధి ఏ వార్డులో పడిందో వెతుక్కునేలోపే గడువు అయిపోతుంది.

ఇంకా పెద్ద గీత మిగిలే ఉంది. కంటోన్మెంటులోని పౌర ప్రాంతాలను విడదీసి నగరపాలనకు అప్పగించాలన్న ఆలోచన కేంద్రం ముందుంది. 2023 ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఖాస్ యోల్ కంటోన్మెంటు హోదాను తీసేశారు. మన వంతు కూడా రావచ్చు. కార్ఖానా, తిరుమలగిరి, బోయిన్‌పల్లి కాలనీ సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. మీ నాలా ఎటు పారుతోందో, మీ పిల్లలు ఏ బడికి పోతున్నారో, మీ ఘటం ఏ వీధుల్లో తిరుగుతోందో గుర్తు పెట్టి మీ పటం మీరే గీయండి. పక్క సంఘంతో కూర్చుని దాన్ని సరిచూసుకుని, అందరూ సంతకాలు చేసి ఇప్పుడే సిద్ధంగా ఉంచుకోండి.