రోగుల విమానయానము

విదేశమున ఆకస్మికముగా వ్యాధిగ్రస్తుడైన బంధువును వైద్యసహాయముతో స్వదేశమునకు చేర్చు ఏర్పాటు. ఇది ముఖ్యముగా ద్వివిధము: కృత్రిమశ్వాసయంత్రాది పరికరములు గల ప్రత్యేక ఎయిర్ అంబులెన్సు యొకటి, సాధారణ ప్రయాణికుల విమానమున కొన్ని సీట్లను మడిచి, వానిపై స్ట్రెచరును బిగించి, చుట్టును తెర కట్టి, రోగిని గొనివచ్చుట రెండవది; దీనికి వ్యయము మొదటిదానికంటె మిక్కిలి తక్కువ. చికిత్స చేయుచున్న వైద్యుని యొద్దనుండి ప్రయాణయోగ్యతా పత్రమును, స్వదేశమున చేర్చుకొను ఆసుపత్రి అంగీకారమును, రెండవ పద్ధతియందు విమానసంస్థ వైద్యవిభాగపు అనుమతిని బంధువులు ముందుగా సంపాదింపవలెను.

ఆకాశమున విమానాంతర్భాగపు వాయుపీడనము సుమారు 6,000 మొదలు 8,000 అడుగుల యెత్తున నుండు పీడనమునకు సమానమగుటచే, రక్తమున ప్రాణవాయువు తగ్గుటయు, దేహమున చిక్కిన గాలి వ్యాకోచించుటయు సంభవించును. కావున ఊపిరితిత్తి చుట్టును గాలి చేరిన రోగిని, ఆ గాలిని వెడలింపక, విమానమెక్కింపరాదు. ఇట్టి ప్రయాణపు వ్యయమును భరింపలేని, గల్ఫు దేశములందలి నిరుపేద వలస కార్మికులకు భారత రాయబార కార్యాలయములు 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధినుండి తోడ్పడవచ్చును.