లయన్‌ఫిష్ పెంపకం

లయన్‌ఫిష్ ఉప్పునీటి అక్వేరియంలలో అలంకారం కొరకు పెంచబడే ఒక విషపూరిత సముద్రచేప. స్కార్పీనిడే కుటుంబంలోని టెరోయిస్ ప్రజాతికి చెందిన చేపలను ఈ పేరుతో పిలుస్తారు. వీటిలో ఎక్కువగా పెంచబడేది టెరోయిస్ వాలిటాన్స్. దీనిని 1758లో లిన్నేయస్ వర్ణించాడు. ఎరుపు, తెలుపు చారలు, విసనకర్రవలె విచ్చుకొనే వాజాలు (రెక్కలు), తొందర లేని ఈత దీనికి పెంపకందారులలో ఆదరణ తెచ్చాయి. పెంచడానికి ఇది మరీ కష్టమైన చేప కాదు. అయితే తొట్టిలో చేయి పెట్టేవారి అజాగ్రత్త వలన, పెంచలేక సముద్రంలో వదిలివేయడం వలన తీవ్రమైన నష్టాలు కలిగాయి.

పేరు, వ్యాప్తి

టెరోయిస్ చేపల సహజ నివాసం హిందూ, పసిఫిక్ మహాసముద్రాల ఉష్ణమండల జలాలు. బంగాళాఖాతంలోనూ ఇవి కలవు. ఈ ప్రజాతిలోని టెరోయిస్ రస్సెలీ అనే జాతికి విశాఖపట్నంతో సంబంధమున్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో గ్రంథంగా ప్రచురించాడు. అందులో ఈ చేపకు స్థానికంగా వినిపించిన 'కోడిపుంగి' అనే పేరునే ఇచ్చాడు. ఇది 'కోడిపుంజు' అనే మాటకు చాలా దగ్గరగా ఉన్నది. విచ్చుకున్న వాజాలను చూచినవారికి ఆ పోలిక సహజంగానే తోస్తుంది. తరువాత 1831లో బెన్నెట్ ఈ జాతికి రస్సెల్ పేరు పెట్టాడు.

విషపు ముళ్ళు

చూపులకు భయంగొలిపే పెద్ద ఉరోవాజాలలో (ఛాతీ పక్క రెక్కలు) విషం ఉండదు. విషమంతా వీపుమీది 13, పొట్టక్రింది 2, తోకకు ముందు అడుగున ఉన్న 3 ముళ్ళలో ఉంటుంది. ప్రతి ముల్లుకూ పొడవునా గాళ్ళు ఉండి, వాటిలో విషగ్రంథి కణజాలం అమరి ఉంటుంది. పైన పలుచని తొడుగు కలదు. ముల్లు గుచ్చుకొన్నపుడు ఈ తొడుగు చిట్లి, విషం గాయంలోనికి చేరుతుంది. పాము వలె విషాన్ని చిమ్మే శక్తి ఈ చేపకు లేదు. ముళ్ళు ఆత్మరక్షణకే గాని వేటకు కాదు. వేటాడునపుడు ఇది ఎరను మూలకు తరిమి ఒక్కసారిగా మింగుతుంది. మాంసంలో విషం ఉండదు గనుక ముళ్ళు తొలగించి దీనిని తింటారు కూడా.

తొట్టి, ఆహారం

టెరోయిస్ వాలిటాన్స్ 35 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. కావున దుకాణంలో కనిపించే చిన్న పిల్లను చూచి తొట్టి పరిమాణం నిర్ణయించరాదు. పెరిగిన చేపకు సుమారు 450 లీటర్ల తొట్టి అవసరం. చోటు తక్కువగా ఉన్నవారు డెండ్రోకైరస్ ప్రజాతికి చెందిన పొట్టి లయన్‌ఫిష్‌లను ఎంచుకొనుట మేలు. వాటికి కూడా విషపు ముళ్ళు ఉంటాయని మరువరాదు.

నీటి ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్, పి.హెచ్. 8.1 నుండి 8.4 మధ్య ఉండాలి. తెలుగు ప్రాంతాల వేసవిలో ఇది తనంతట తాను సాధ్యం కాదు, చిల్లరు కావలసి ఉంటుంది. ఇది మాంసాహారి కాబట్టి నీటిలో వ్యర్థాలు త్వరగా పేరుకుంటాయి. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతకు ముందే చేపను వదలడం క్రొత్తవారు చేసే సాధారణమైన తప్పు.

నోటిలో పట్టే చేప ఏదైనా దీనికి ఆహారమే. తొలిరోజులలో సజీవమైన ఎరను మాత్రమే తీసుకుంటుంది. క్రమంగా గడ్డకట్టించిన రొయ్య, చేప ముక్కలకు అలవాటు చేయవచ్చు. చౌకగా దొరుకుతాయని గోల్డ్‌ఫిష్‌లను నిత్యాహారంగా ఇచ్చుట మంచిది కాదు. వాటిలోని థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది.

ప్రమాదం ఎట్లా జరుగుతుంది

1985లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక అధ్యయనంలో, విష సమాచార కేంద్రానికి వచ్చిన 51 స్కార్పీనిడే గాయాలలో 45 లయన్‌ఫిష్ వలన కలిగినవే. వేటాడేటప్పుడు కాదు, ఇళ్ళలోని చేపలను ముట్టుకొన్నపుడే ఇవి జరిగాయి. తొట్టిని శుభ్రపరచునపుడు రాతిక్రింద ఉన్న చేప కనబడదు. పైగా బెదిరిన చేప పారిపోక వీపుముళ్ళను ముందుకు వంచి నిలుస్తుంది. యజమాని చేయి అంటే ఆహారమని అలవాటుపడిన చేప తానే దగ్గరకు వచ్చుట మరొక కారణం. మామూలు రబ్బరు చేతితొడుగులు ముల్లును ఆపలేవు. అందువలన ఆహారాన్ని పొడవైన పట్టకారుతో ఇవ్వాలి. చేపను మార్చునపుడు వల వాడితే ముళ్ళు చిక్కుకొంటాయి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలోనికి తోలుట సురక్షితం. చిన్నపిల్లలున్న ఇంట తొట్టికి తాళం వేయగల మూత తప్పనిసరి.

ప్రథమ చికిత్స

ముల్లు గుచ్చుకొన్న వెంటనే తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి. కొందరిలో వాంతులు, చెమట, ఆయాసం కూడా కనిపిస్తాయి. పైకి కనిపించే ముల్లు ముక్కలను తీసి, గాయాన్ని కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో 30 నుండి 90 నిమిషాల పాటు ఉంచాలి. నీటి వేడి 45 డిగ్రీలు మించరాదు. వేడిని గాయపడని చేతితో పరీక్షించాలి. ఏలయనగా నొప్పిలో ఉన్న చేతికి కాలుతున్నదీ లేనిదీ తెలియదు. పై అధ్యయనంలోనూ వేడినీటి వలన ఎక్కువమందికి పూర్తి ఉపశమనం కలిగింది. విషంలోని ప్రోటీన్లు వేడికి చెడుట ఇందుకు కారణమని సాధారణంగా చెబుతారు.

గాయం పైన గట్టిగా కట్టు బిగించుట, కోసి రక్తం తీయుట చేయరాదు. మన ఆసుపత్రులలో ఉండే పాముకాటు విరుగుడు మందు దీనికి పనిచేయదు. లోపల ముల్లు మిగిలినదో లేదో చూపించుకొనుటకు, ధనుర్వాతపు సూదిమందు కొరకు వైద్యుని వద్దకు వెళ్ళవలెను. ఊపిరి ఆడకపోవుట, స్పృహ తప్పుట వంటివి కలిగితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి.

సముద్రంలో వదలడం

1985లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు డానియా బీచ్ వద్ద ఒక లయన్‌ఫిష్ దొరికింది. అట్లాంటిక్‌లో దానికి పుట్టుక లేదు. 1992 నాటి ఆండ్రూ తుఫానులో ఒక అక్వేరియం పగిలి ఇవి సముద్రంలో కలిశాయనే కథ చాలాకాలం ప్రచారంలో ఉన్నది గాని, 1985 నాటి దొరకడాన్ని అది వివరించలేదు. పెంపకందారులు వదిలిన కొద్దిపాటి చేపలే మూలమని పరిశోధకుల అభిప్రాయం. ఒక్క ఆడచేప ఏడాదికి ఇరవై లక్షల వరకు గ్రుడ్లు పెట్టగలదు. 2004 నాటికి బహామాస్‌కు, 2014లో బ్రెజిల్ తీరానికి ఇవి చేరాయి. బహామాస్‌లో 2008లో వెలువడిన ఒక ప్రయోగ ఫలితం ప్రకారం, లయన్‌ఫిష్ ఉన్న చిన్న దిబ్బలపై క్రొత్తగా చేరే స్థానిక చేపపిల్లల సంఖ్య 79 శాతం తగ్గింది. ఫ్లోరిడా రాష్ట్రం 2014లో వీటి దిగుమతిని నిషేధించింది.

పెంచలేనివారు చేపను దుకాణానికి గాని, మరొక పెంపకందారుకు గాని ఇవ్వవలెను. చనిపోయిన చేప ముళ్ళలోనూ విషం కొంతకాలం నిలిచి ఉంటుంది. కాబట్టి దానిని చేతితో తీయక, గట్టి డబ్బాలో మూసి పారవేయాలి.