ఎల్-ఆర్జినైన్ పొడి: బీపీ, గుండె, మధుమేహ మందులతో కలిస్తే ఏమవుతుంది?

నిమ్‌పురా (ఖరగ్‌పూర్): బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన కార్మికుల సంతతి నేటికీ ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా పరిసరాల్లో నివసిస్తోంది. ఇటువంటి రైల్వే కుటుంబాల్లో పదవీ విరమణ చేసిన పెద్దలకు రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు మందులు రైల్వే ఆసుపత్రి నుంచి వస్తాయి. వ్యాయామశాలకు వెళ్లే మనవడి పొడి డబ్బా బజారు నుంచి వస్తుంది. మాత్రల వివరాలు వైద్యుని చీటీలో ఉంటాయి కానీ, పొడి వివరాలు అందులో ఉండవు. ‘బలానికి మంచిది’ అని పెద్దలు కూడా ఆ పొడిని వాడడం మొదలుపెడితే చిక్కులు రావచ్చు. ఇటువంటి పొడుల్లో తరచుగా కనిపించే అమైనో ఆమ్లం ఎల్-ఆర్జినైన్.

ఆర్జినైన్ అంటే ఏమిటి?

మాంసకృత్తుల నిర్మాణానికి అవసరమైన 20 అమైనో ఆమ్లాల్లో ఆర్జినైన్ ఒకటి. ఆరోగ్యవంతుల శరీరం దీనిని స్వయంగా తయారుచేసుకుంటుంది. వేరుశనగలు, నువ్వులు, గుమ్మడి గింజలు, పప్పులు, చేపలు, మాంసంలోనూ ఇది లభిస్తుంది. 100 గ్రాముల వేరుశనగల్లో సుమారు 3 గ్రాములు ఉంటుంది.

శరీరంలోని ఒక ఎంజైము ఆర్జినైన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. ఈ వాయువు రక్తనాళాల గోడల్లోని కండరాన్ని సడలించి నాళాన్ని వెడల్పు చేస్తుంది. రక్తప్రసరణ వ్యవస్థలో నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను కనుగొన్నందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. అనేక గుండె, రక్తపోటు మందులు కూడా చివరకు నాళాలను సడలించేవే. ఒకే పనిని రెండు పదార్థాలు కలిసి చేయడం వల్లనే ప్రధానమైన ప్రమాదం ఏర్పడుతుంది.

ఏ మందులతో జాగ్రత్త?

రక్తపోటు మందులు: ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివి వాడేవారికి ఆర్జినైన్ తోడైతే రక్తపోటు అవసరానికి మించి తగ్గవచ్చు. లేచి నిలబడగానే కళ్లు తిరగడం దీనికి సాధారణ సూచన. వృద్ధులు పడిపోయి ఎముకలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది.

నైట్రేట్లు: ఛాతీనొప్పికి ఇచ్చే నైట్రోగ్లిజరిన్, ఐసోసార్బైడ్ మందులు నైట్రిక్ ఆక్సైడ్ మార్గంలోనే పనిచేస్తాయి. సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలు కూడా అదే మార్గాన్ని బలపరుస్తాయి. వీటికి ఆర్జినైన్ కలిస్తే రక్తపోటు హఠాత్తుగా పడిపోవచ్చు.

పొటాషియంను నిలిపి ఉంచే మందులు: స్పైరనోలాక్టోన్, అమిలోరైడ్‌లతో పాటు టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ కూడా రక్తంలో పొటాషియంను పెంచగలవు. ఆర్జినైన్ కణాల్లోని పొటాషియంను రక్తంలోకి నెడుతుంది. ఈ ప్రభావం ప్రధానంగా నరం ద్వారా ఎక్కించినప్పుడు నమోదైంది. అయినా మూత్రపిండాలు లేదా కాలేయం దెబ్బతిన్నవారు పొడి విషయంలోనూ జాగ్రత్త వహించాలి. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

మధుమేహ మందులు: ఆర్జినైన్ ఇన్సులిన్ విడుదలను ప్రేరేపిస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవారికి చక్కెర స్థాయి తగ్గి చెమటలు, వణుకు రావచ్చు.

రక్తం పలుచబరిచే మందులు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్‌లతో కలిస్తే రక్తస్రావం పెరిగే అవకాశం సిద్ధాంతపరంగా ఉంది. శస్త్రచికిత్సకు కనీసం రెండు వారాల ముందే ఆర్జినైన్ ఆపాలని సాధారణంగా సూచిస్తారు.

ఇతర పదార్థాలతో

వ్యాయామానికి ముందు తాగే పొడుల్లోని సిట్రులిన్‌ను మూత్రపిండాలు ఆర్జినైన్‌గా మారుస్తాయి. కనుక డబ్బాపై ఆర్జినైన్ పేరు లేకపోయినా ప్రభావం ఉండవచ్చు. రక్తపోటు రోగులకు అమ్మే తక్కువ సోడియం ఉప్పులో తరచుగా పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం అధికం. పై మందులు వాడేవారు ఇవన్నీ కలిపి లెక్కించుకోవాలి.

గుండెపోటు వచ్చినవారికి హెచ్చరిక

గుండెపోటు తరువాత ఆర్జినైన్ మేలు చేస్తుందన్న ఆశతో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 153 మంది రోగులపై పరీక్ష జరిపారు. ఒక వర్గానికి రోజుకు మూడుసార్లు 3 గ్రాముల చొప్పున ఆరు నెలల పాటు ఇవ్వాలన్నది ప్రణాళిక. రక్తనాళాల బిరుసుతనంలో గాని, గుండె పనితీరులో గాని మెరుగుదల కనిపించలేదు. ఆర్జినైన్ వర్గంలో ఆరుగురు మరణించగా, ఉత్తుత్తి మందు వర్గంలో ఎవరూ మరణించలేదు. పరీక్షను మధ్యలోనే నిలిపివేశారు. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. సంఖ్య చిన్నదే అయినా, గుండెపోటు వచ్చినవారు ఆర్జినైన్ వాడరాదన్న సలహాకు ఇది ఆధారమైంది.

ఏం చేయాలి?

ఆహారంలోని ఆర్జినైన్ గురించి సాధారణంగా భయపడనక్కరలేదు. వేరుశనగలు మానుకోవలసిన పని లేదు. కొన్ని సందర్భాల్లో గర్భిణులకు వైద్యులే ఆర్జినైన్ పొడిని సూచిస్తారు. అటువంటప్పుడు వారు చెప్పిన మోతాదునే పాటించాలి.

సొంతంగా కొన్న పొడిని వాడుతున్నవారు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ డబ్బాను కూడా తీసుకువెళ్లాలి. వైద్యునితో హిందీలోనో బెంగాలీలోనో వివరించడం కష్టమైతే, డబ్బాపై ముద్రించిన పదార్థాల జాబితాను చూపితే చాలు. పొడి వాడుతున్నామన్న ధైర్యంతో రక్తపోటు మాత్రలను సొంతంగా ఆపరాదు. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, గుండె దడ వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరుకోవాలి. చివరిసారి ఏ పొడి, ఎంత, ఎప్పుడు తీసుకున్నదీ అక్కడి సిబ్బందికి చెప్పాలి.