మృతశిశు జననం

అంతర్జాతీయ లెక్కల ప్రకారం గర్భం 28 వారాలు నిండాక బిడ్డ ప్రాణం లేకుండా పుడితే మృతశిశు జననం అంటారు. ఇంట్లో నింద ముందుగా తల్లి మీదికే వస్తుంది: గ్రహణంలో బయటికొచ్చిందనీ, బరువెత్తిందనీ. ఆధారాలు మరోలా చెబుతున్నాయి. అధిక రక్తపోటు, మధుమేహం, ఇన్ఫెక్షన్లు, మాయ లోపాలు ముఖ్య కారణాలు; ప్రపంచవ్యాప్తంగా 40 శాతానికి పైగా మరణాలు నొప్పులు మొదలయ్యాకే జరుగుతున్నాయి. అందుకే పల్లె నుంచి తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వంటి చోటికి సకాలంలో చేరడం చావుబతుకుల ప్రశ్న.

కారణం తెలిస్తే పోయిన బిడ్డ వస్తుందా అంటారు. రాదు, కానీ మాయ పరీక్ష, తల్లి రక్తపరీక్షలు మలికాన్పుకు దారి చూపవచ్చు. కారణం దొరకకపోయినా నిందకు చోటు లేదు. తల్లి తట్టుకోలేదని బిడ్డను చూపకుండా తీసుకెళ్లడం ప్రేమతో చేసే పనే, అయినా ఆ నిర్ణయం తల్లిదండ్రులది. 1969 జనన మరణాల నమోదు చట్టం ఈ పుట్టుకనూ జననంగానే లెక్కిస్తుంది.